పరువు పోకుండా వైజాగ్ తిరగడం ఎలా?

కారూ బైకూ లేని ఉత్తరాంధ్ర ప్రయాణికులకు కొన్ని అమూల్యమైన సలహాలు

శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళం వైజాగ్ ఎందుకు వెళ్తాం? కేజీహెచ్‌లో చూపించుకోవడానికి, పిల్లని హాస్టల్లో దింపడానికి, పెళ్ళిబట్టలు కొనడానికి, మేనకోడలి సీమంతానికి. బీచ్ అనేది పనులన్నీ అయ్యాక గంట మిగిలితే. వీటిలో దేనికీ డ్రైవింగ్ రానక్కర్లేదు. రైళ్ళున్నాయి, బస్సులున్నాయి, సర్వీసు ఆటోలున్నాయి. పైగా ఆ ఊరు మనకి పరాయిదేం కాదు. 1950 ఆగస్టు 15 దాకా శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలోదే. విజయనగరం జిల్లా విడిగా ఏర్పడింది 1979 జూన్ 1న. మన తాతలకి అది సొంత జిల్లా కేంద్రం.

అయినా సరే, వైజాగ్ కాంప్లెక్స్‌లో బస్సు దిగేసరికి మన గొంతు సగానికి పడిపోతుంది. చేతిలో సంచి దాచుకోబుద్ధేస్తుంది. ఎవరైనా ‘ఏ ఊరు?’ అంటారేమోనని భయం. ఈ భయాన్ని పోగొట్టుకొమ్మని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. దాన్ని జాగ్రత్తగా పెంచి పోషించుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళే లేరు. ఆ లోటు తీర్చడానికి ఈ పద్ధతులు రాస్తున్నాను. అన్నింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: డబ్బు పోయినా ఫర్వాలేదు, పూట పోయినా ఫర్వాలేదు, మనం ఊరి నుంచి వచ్చామని మాత్రం ఒక్కరికీ తెలియకూడదు.

1. ఏ రైలైనా వైజాగే వెళ్తుంది

శ్రీకాకుళం ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. ‘శ్రీకాకుళం రోడ్’ అని బోర్డున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, ఊరికి దాదాపు 13 కిలోమీటర్లు. బస్సు కన్నా రైలు చవక అని లెక్క తేల్చేటప్పుడు ఈ 13 కిలోమీటర్లని కలపకండి. స్టేషన్‌కి చేరడానికి ఆటోకిచ్చింది రైలు టికెట్టు కన్నా ఎక్కువైతే అది ఆటో పద్దు. రైలు పద్దులో రాయకూడదు.

స్టేషన్‌కి చేరాక ఏ రైలు ముందొస్తే అది ఎక్కేయండి. వైజాగ్ స్టేషన్ మెయిన్ లైను నుంచి పక్కకి తిరిగి లోపలికి ఉంటుంది. అందులోకి వెళ్ళిన రైలు మళ్ళీ దక్షిణానికి పోవాలంటే ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకి మార్చుకుని, వచ్చిన వైపే బయటికి రావాలి. ఆ ఆలస్యం ఎందుకని దూరప్రాంతపు రైళ్ళు కొన్ని ఊళ్ళోకి రాకుండానే పక్కకి తప్పుకుని, సింహాచలం నార్త్ మీదుగా దువ్వాడ వెళ్ళిపోతాయి. మీరెక్కింది అలాంటి రైలో కాదో టీటీఈని అడిగితే ఒక్క ముక్కలో చెప్తాడు. అందుకే అడగకండి. ‘ఇది వైజాగ్ ఎల్తాదా బాబూ’ అన్నది ఫక్తు ఊరోళ్ళ ప్రశ్న.

దువ్వాడలో దిగితే కంగారు పడొద్దు, కావాలనే దిగినట్టు నడవండి. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గరే. అక్కడ సిటీ బస్సులకి కొదవ లేదు. స్టీల్ ప్లాంటు గేటు, గాజువాక అంగళ్ళు అన్నీ చూసుకుంటూ తాపీగా ఊళ్ళోకి రావచ్చు. మీకు డాక్టరు ఇచ్చిన టైము ఎలాగూ అయిపోయి ఉంటుంది.

పలాస పాసింజరు, గుణుపూర్ పాసింజరు తిన్నగా వైజాగ్ స్టేషన్‌కే పోతాయి. కానీ వాటిలో మనవాళ్ళు కనపడతారు. పక్కకి జరిగి చోటిస్తారు, వేరుశనక్కాయలు పెడతారు. అలాంటి చోట పరువు నిలబడదు.

2. నాన్‌స్టాప్ అన్నాక మధ్యలో దిగకూడదు

బస్సులోనే వెళ్తామనేవాళ్ళు నాన్‌స్టాప్ ఎక్కండి. టికెట్టు బస్సెక్కేముందు కిందే ఇచ్చేస్తారు, లోపల కండక్టరు ఉండడు. మాట్లాడాల్సిన మనిషి ఒకడు తగ్గాడు, మంచిదే. ఆనందపురం దాటాక మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం వరసగా వస్తాయి. చివర కాంప్లెక్స్.

మీరు వెళ్ళాల్సింది ఆరిలోవ హెల్త్ సిటీకో విమ్స్‌కో అయితే హనుమంతవాక దగ్గర దిగడమే తెలివైన పని. తెలిసినవాళ్ళు మధురవాడ దాటగానే లేచి, సంచి సర్దుకుని, డ్రైవరు వెనక నిలబడి ‘హనుమంతవాక బాబూ’ అని చెప్పుకుంటారు. మీరు లేవకండి. కాంప్లెక్స్ దాకా టికెట్టు కొన్నారు, కాంప్లెక్స్ దాకా కూర్చోండి. అక్కడ దిగి, ఆటో మాట్లాడుకుని, వచ్చిన దారినే హనుమంతవాకకి తిరిగి రండి. ఆసుపత్రి కిటికీలోంచి చూశారు, ఆసుపత్రి గుమ్మంలోంచీ చూశారు. ఒక ఖర్చుకి రెండు దర్శనాలు.

3. కేజీహెచ్‌కి పొద్దున్నే పోకండి

కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నాటిది. నూరేళ్ళు దాటి నిలబడి ఉన్నది మీరు టిఫిను తినేలోగా ఎక్కడికీ పోదు. ఓపీ చీటీలు పొద్దుటి పూట ఇస్తారన్న మాట నిజమే. దానికోసం కవిటి, సోంపేట, మందస వాళ్ళు చీకటితోనే లేచి, టిఫిను డబ్బాలో చద్దన్నం కట్టుకుని, పాత రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బయల్దేరతారు. వాళ్ళకి బండి లేదని చూస్తేనే తెలిసిపోతుంది. మీరు పేపరు పూర్తిగా చదివి, పదింటికి నింపాదిగా బస్సెక్కండి. చేరేసరికి వరస ఉండదు. చీటీలూ ఉండవు. ఇంత ప్రశాంతంగా ఉంటుందా ఈ ఆసుపత్రి అని ఆశ్చర్యపోతూ సాయంత్రం బస్సుకి తిరిగి రావచ్చు.

ఇంకొకటి. ఆసుపత్రి కొండవాలు మీద ఉంటుంది. బస్సువాళ్ళు ‘కేజీహెచ్ డౌన్’ అని అరుస్తారు, అంటే పల్లం. ఏ గేటు దగ్గర దిగితే ఓపీకి దగ్గరో ముందే కనుక్కుంటే మోకాళ్ళ నొప్పుల మనిషికి నడక తప్పుతుంది. కనుక్కోకండి. రోగి చేత ఎత్తు ఎక్కించండి. పైకి చేరేసరికి వచ్చిన ఆయాసం డాక్టరుకి చూపించుకోవడానికి పనికొస్తుంది.

4. పరుగెత్తుకొచ్చిన ఆటోనే ఎక్కండి

కాంప్లెక్స్‌లో మీరు ఆటో వెతుక్కోవక్కర్లేదు, ఆటోయే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. బస్సు మెట్ల దగ్గరే చేతిలో సంచి అందుకునేవాడు ఉంటాడు.

“ఎక్కడికి బావూ?”

“జగదాంబ.”

“రండి, కూకోండి.”

ఇక్కడ చాలామంది ‘ఎంత?’ అనేసి పరువు పోగొట్టుకుంటారు. ఛార్జీ అనేది దిగాక తెలుసుకోవాల్సిన సంగతి. ముందే తెలిస్తే దారి పొడుగునా దాని గురించే ఆలోచిస్తాం, ఊరు చూడం.

గేటు బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడితే ‘జగదాంబ జగదాంబ జగదాంబ’ అని గుక్క తిప్పుకోకుండా అరుస్తూ సర్వీసు ఆటోలు వస్తూనే ఉంటాయి. మనిషికింత అని పుచ్చుకుంటారు. అందరూ ఇచ్చేదే మీరూ ఇవ్వాలి, మోసానికి తావు లేదు. అందుకే అది మనకి పనికిరాదు. దాని అసలు ప్రమాదం ఛార్జీలో లేదు, పక్క సీటులో ఉంది. మీరు ఇరుక్కుని కూర్చోగానే పక్కనున్న పెద్దావిడ మీ సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంటుంది.

“ఏ ఊరమ్మా మీది?”

మీరు తల తిప్పుకుని “సిటీయే” అన్నా ఆవిడ వదలదు.

“కాదులే, మాట్లాడితే తెల్దా. ఎటేపు?”

“రణస్థలం.”

“ఓలమ్మా! మా ఆడబడుచుని లావేరు ఇచ్చినాం!”

ఇంక మీరు అయిపోయినట్టే. ఏ డాక్టరు మంచివాడో, ఏ మందుల షాపు చవకో, తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు ఎక్కడ ఎక్కితే సీటు దొరుకుతుందో దిగేలోగా మొత్తం చెప్పేస్తుంది. మీ స్టాపు రాగానే మీకన్నా ముందు తనే డ్రైవరుని కేకేస్తుంది. రూపాయి నష్టపోకుండా, దారి తప్పకుండా, అందరి ముందూ ఊరివాళ్ళుగా దొరికిపోయి దిగుతారు.

5. బస్సు నంబరులో అక్షరం అలంకారం మాత్రమే

సిటీ బస్సులకి అంకె పక్కన అక్షరం ఉంటుంది. అక్షరాన్ని పట్టించుకోకండి. ఒకవేళ పట్టించుకుంటే అక్షరం ఒక్కటే చూడండి, అంకె వదిలేయండి. 10కె కైలాసగిరి వెళ్తుంది, 28కె కొత్తవలస వెళ్తుంది, 900కె భీమిలి వెళ్తుంది. మూడింటికీ ‘కె’ ఉంది గనక మూడూ ఒక చోటికే అనుకోవడంలో తప్పేం లేదు.

బస్సు ఎటు ముఖం పెట్టి ఉందో కూడా చూడకూడదు. 28కె ఒక కొస ఆర్కే బీచ్, రెండో కొస కొత్తవలస. జగదాంబ దగ్గర నిలబడి, సముద్రం చూడాలన్న ఉత్సాహంలో, రోడ్డుకి ఏ పక్కనున్నారో చూసుకోకుండా ఎక్కారనుకోండి. కాంప్లెక్స్, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి అన్నీ దాటించి కొత్తవలసలో దింపుతుంది. అది విజయనగరం జిల్లా. బీచ్‌కని బయల్దేరి సిటీ బస్సులో సొంత జిల్లాకి తిరిగి చేరే ఈ సదుపాయం వేరే ఏ ఊళ్ళోనూ దొరకదు.

ఆడవాళ్ళకి ప్రత్యేక సూచన. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి, కండక్టరు దగ్గర సున్నా టికెట్టు తీసుకోవాలి. కాబట్టి ఆధార్ కార్డుని బీరువాలో, పట్టుచీర మడతలో భద్రంగా పెట్టి తాళం వేసి బయల్దేరండి. కండక్టరు అడిగితే ‘ముఖం చూస్తే తెలీదా?’ అనండి. ఇక నాన్‌స్టాప్‌లో ఈ ఉచితం లేదని కౌంటరులో చెప్పినప్పుడు, పక్కనే ఎక్స్‌ప్రెస్ ఖాళీగా నిలబడి ఉన్నా, నాన్‌స్టాప్ కౌంటరు దగ్గరే వాదన కొనసాగించాలి. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయేదాకా మానకూడదు.

6. అడ్రసు పూర్తిగా చెప్పకండి

మన మూడు ఊళ్ళలోనూ బస్టాండుని కాంప్లెక్స్ అనే అంటారు. ఫోనులో ‘కాంప్లెక్స్‌లో ఉన్నాను’ అని కట్ చేసేయండి. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన బావమరిది ఏ ఊరి కాంప్లెక్సో తేల్చుకునేలోగా అతని ఫోను ఛార్జింగ్ అయిపోవాలి.

పేర్లు దగ్గరగా ఉన్నవి కలిపేసుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. సీతమ్మధార, సీతంపేట రెండూ ఒకటే అనుకోండి. పాత గాజువాక, కొత్త గాజువాక ఒకటే. పెదవాల్తేరు, చినవాల్తేరు ఒకటే. ‘సీతంపేట వెళ్ళాలి’ అని శ్రీకాకుళంలోనే మొదలెట్టారంటే మరీ బాగుంటుంది. పాలకొండ అవతల ఐటీడీఏ ఆఫీసున్న సీతంపేట బస్సెక్కించి కొండల్లోకి పంపేస్తారు. వైజాగ్ ట్రాఫిక్ బాధే ఉండదు.

7. పనసకాయతో బైక్ టాక్సీ

చుట్టాలింటికి ఉత్త చేతులతో పోకూడదు. పలాస జీడిపప్పు, మందస కోవా, భీమాలి మామిడి తాండ్ర చిన్న సంచిలో పడతాయి. ఆ చిన్న సంచి పరువు తక్కువ. ఉద్దానం పనసకాయ పట్టుకెళ్ళండి, గోనెలో చుట్టి.

ఇప్పుడు ఫోనులో రాపిడో తెరిచి బైకు బుక్ చేయండి. ఆటో చేయొద్దు, బైకే చేయాలి, చవక. ఎక్కడున్నారో చూపించే గుర్తు తెరమీద రోడ్డుకి అవతల పడి ఉంటుంది, దాన్ని సరిచేయకండి. కుర్రాడు ఫోను చేసి “ఏ గేటు దగ్గరున్నారు సార్?” అంటే “కాంప్లెక్స్” అనండి. “కాంప్లెక్సే సార్, ఏ గేటు?” అంటే కొంచెం గట్టిగా “కాంప్లెక్స్!” అనండి.

చివరికి వచ్చాడే అనుకుందాం. హెల్మెట్ పెట్టుకోవాలి, ఓటీపీ చెప్పాలి, పనసకాయ పట్టుకోవాలి. ఉన్నవి రెండు చేతులు. కాయ మీ ఇద్దరి మధ్య పెడితే అతనికి ముళ్ళు, మీ వెనక పెడితే రోడ్డుకి పనసకాయ. కుర్రాడు కాయ వంక ఒకసారి, మీ వంక ఒకసారి చూసి, “ఆటో బుక్ చేసుకోండి సార్, నేను క్యాన్సిల్ చేస్తా” అంటాడు. ఒప్పుకోవద్దు. పనసకాయ బరువు కాదు, ముఖ్యం. ఆశీల్‌మెట్ట దాటేలోగా మీలో ఎవరికో ఒకరికి జ్ఞానోదయం అవుతుంది.

8. బీచ్ రోడ్డు ఒకటే కదా, నడిచెయ్యండి

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాక రుషికొండ ఎటు అని అడగక్కర్లేదు. సముద్రం కుడిచేతి వైపు పెట్టుకుని ఉత్తరానికి నడిస్తే రుషికొండ రాక తప్పదు. పది కిలోమీటర్ల పైమాటే. నడక మొదలెట్టడానికి మంచి ముహూర్తం మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. గొడుగు, నీళ్ళ సీసా ఊరోళ్ళ సామాను. వెనక నుంచి 900కె వచ్చి పక్కనే ఆగినా తల తిప్పకండి, ఆరోగ్యం కోసం నడుస్తున్నట్టు చేతులు ఊపండి.

అంత దూరం నడవగలమా అని ఎవరైనా సందేహిస్తే సింహాచలం గిరిప్రదక్షిణ గుర్తుచేయండి. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల జనం నడుస్తారు. వాళ్ళు చల్లటిపూట బయల్దేరి రాత్రంతా నడుస్తారనీ, దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, ప్రసాదం ఇచ్చేవాళ్ళు ఉంటారనీ మాత్రం చెప్పకండి. వాదన బలహీనపడుతుంది.

సింహాద్రప్పన్న దర్శనానికి వెళ్ళాలంటే మామూలు రోజుల్లో కొండ కింద నుంచి బస్సు దొరుకుతుంది, అరగంట పని. అది మరీ సులువు. అక్షయ తృతీయ నాడు వెళ్ళండి. ఏడాదికి ఒక్కరోజు చందనం ఒలిచి స్వామి నిజరూపం చూపించేది ఆ రోజే గనక రద్దీ అస్సలు ఉండదని నమ్మండి. ఆ రోజు కొండ మీదికి బళ్ళకి ఆంక్షలుంటాయి. మీరు మాత్రం క్యాబ్‌లో కూర్చుని ‘పైదాకా పోనీ’ అంటూ ఉండండి. మీటరు తిరుగుతూ ఉంటుంది, బండి కదలకుండా ఉంటుంది.

9. ఆగగలిగితే మెట్రో దాకా ఆగండి

ఈ బాధలన్నీ వద్దనుకుంటే అన్నింటికన్నా గొప్ప పద్ధతి ఒకటుంది: ప్రయాణం వాయిదా వేయడం. వైజాగ్‌కి మెట్రో రైలు వేయగలమో లేదో పరిశీలించాలని 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే రాశారు. అప్పటినుంచి పరిశీలన జరుగుతూనే ఉంది. మీ మోకాలి నొప్పి కూడా కొన్నాళ్ళు పరిశీలనలో ఉంచితే రెండూ ఒకేసారి తేలతాయి. విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. ఒక పని రెండుసార్లు మొదలుపెట్టగలిగిన ప్రాంతం మనది. మనకేం తొందర?

తరచుగా వచ్చే సందేహాలు

ప్రశ్న: మా అమ్మాయి ఏయూలో చదువుతోంది. బస్సు నంబర్లన్నీ తనకి తెలుసు. తనని అడగొచ్చా?
జవాబు: కూడదు. పిల్లలకి తెలిసినవి పెద్దలకి తెలియకపోవడం ఇంటి గుట్టు. అమ్మాయి చెప్పిన బస్సు ఎదురుగా వచ్చినా ఒకటి వదిలేసి తర్వాతది ఎక్కండి.

ప్రశ్న: సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోవాలా?
జవాబు: అవసరం లేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక కాంప్లెక్స్‌లో ఎవరినడిగినా కచ్చితమైన టైము చెప్తారు.

ప్రశ్న: చిల్లర పట్టుకెళ్ళాలా?
జవాబు: ఐదువందల నోట్లు పట్టుకెళ్ళండి. సిటీ బస్సులో కండక్టరు ముఖం చూసి మీరు ఎంత పెద్దమనుషులో అందరికీ తెలుస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ పాటించాక నిజంగానే దారి తప్పితే?
జవాబు: నడిరోడ్డు మీద నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, “డ్రైవర్! కారు ఎక్కడ పెట్టావయ్యా?” అని గట్టిగా అరవండి. అవతల ఎవరూ ఉండనక్కర్లేదు. మీకు నాలుగడుగుల దూరంలో ఇంకో పెద్దమనిషి కూడా అలాగే ఫోను పట్టుకుని లేని డ్రైవరుని తిడుతూ కనపడతాడు. ఆయనది చీపురుపల్లి. ఆయన వెళ్ళాల్సిందీ కేజీహెచ్‌కే. పొరపాటున కూడా పలకరించుకోకండి. పలకరించుకున్నారంటే ఇద్దరూ ఒకే సర్వీసు ఆటో ఎక్కి, చిల్లర చెరిసగం వేసుకుని, పని చూసుకుని చీకటి పడకుండా ఇల్లు చేరిపోతారు.